పావురాల పేజీలు తిప్పేశావు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. 'ఏడాదిలో వంద పుస్తకాలు' అన్న శీర్షిక చూసి పక్కన పెట్టేద్దామనుకున్నాను. ఎందుకో చదువుతూ పోయాను. డార్విన్ రాసిన 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' నీకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకమని రాశావు. ఆ పక్కనే, "మొదట్లో పావురాల గురించి ఏదో చాలాసేపు చెబుతాడు, బోర్ కొట్టి ఆ పేజీలు తిప్పేశాను" అని కూడా రాశావు. ఆ వాక్యం చదివాక నాకు కోపం వచ్చింది. ఇంకా పూర్తిగా తగ్గలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వాక్యం రాసే తీరు బాగుంది, సూటిగా ఉంది. అది చెడగొట్టుకోకు. ఇక పావురాల సంగతికి వస్తాను.

1859 నవంబరులో వచ్చిన ఆ పుస్తకంలో మొదటి అధ్యాయం పెంపుడు జంతువులు, మొక్కల గురించి. అందులో పావురాలకే పెద్ద పీట. డార్విన్ దొరికిన రకమల్లా తెచ్చి స్వయంగా పెంచాడు. లండన్‌లో పావురాల పెంపకందార్ల క్లబ్బులు రెండింటిలో చేరాడు. మెడ దగ్గర సంచిని ఉబ్బించేవి, తోకను విసనకర్రలా విప్పేవి, గాల్లో పల్టీలు కొట్టేవి, ఇన్ని రకాలు చూపిస్తాడు. ఇవి అడవిలో దొరికాయని చెప్పి చూపిస్తే పక్షిశాస్త్రం తెలిసినవాళ్లు వేటికవే వేరు జాతులంటారని చెబుతాడు. ఆ తర్వాత, ఇవన్నీ ఒకే ఒక అడవి పావురం నుంచి పుట్టాయని, మనుషులు తరతరాలుగా తమకు నచ్చినవాటిని ఏరి పెంచడం వల్లే ఇన్ని రకాలయ్యాయని ఒక్కొక్క ఆధారమే పేరుస్తాడు. మనిషి ఏరితే ఇంత మార్పు వస్తుందని నువ్వు ఒప్పుకున్నాక, నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి మనిషికి బదులు ప్రకృతిని నిలబెడతాడు, అదీ అలాగే ఏరుతుందని, కొత్త జాతులు అలాగే పుడతాయని అంటాడు. అప్పటికి కాదనడం కష్టం. ఈ పుస్తకమంతా ఒకే పొడుగాటి వాదన అని చివరి అధ్యాయంలో ఆయనే అన్నాడు. ఆ వాదనకు పావురాలే పునాది.

మొదటిసారి చదివేటప్పుడు అది కనపడకపోవడంలో నీ తప్పేమీ లేదు. రచయిత ఎటు తీసుకెళ్తున్నాడో తెలియనప్పుడు ఏ వివరం దేనికోసం చెబుతున్నాడో ఎలా తెలుస్తుంది? చివరి అధ్యాయం చదివేసి మళ్లీ మొదటికి వస్తేనే ఆ పావురాలు అక్కడెందుకున్నాయో తెలుస్తుంది. నువ్వు మళ్లీ మొదటికి రాలేదు. తర్వాతి పుస్తకానికి వెళ్లిపోయావు, ఎందుకంటే లెక్క వందకు చేరాలి.

ఒక్కసారి చదివిన పుస్తకం గురించి రాయకూడదు. నన్ను కలిసిన ప్రతి కొత్త రచయితకూ ఇదే చెబుతాను, విసుక్కున్నా చెబుతాను. కథకూ నవలకూ కావాలంటే మినహాయింపు ఇస్తాను. వాదన చేసే పుస్తకానికి, చరిత్రకు, సైన్సుకు, ఆత్మకథకు ఇవ్వను.

తొందరపడి తీర్పులు చెప్పేవాళ్లు డార్విన్ కాలంలోనూ ఉన్నారు. ప్రచురణకర్త జాన్ మర్రే ఆ రాతప్రతిని విట్‌వెల్ ఎల్విన్ అనే పత్రికా సంపాదకుడికి చూపిస్తే, పావురాల మీద పుస్తకం రాయమనండి, పావురాలంటే అందరికీ ఆసక్తే అని ఆయన సలహా ఇచ్చాడు. డార్విన్ వినలేదు కాబట్టి సరిపోయింది. సంపాదకులు చెప్పిందల్లా వినకూడదని నాకు ఇలాంటివి చదివినప్పుడల్లా మళ్లీ గట్టిగా అనిపిస్తుంది.

నేను సమీక్షలు రాసుకు బతికిన రోజుల్లో, నా పేజీ చూసే సంపాదకుడు పాత పుస్తకం పేరెత్తితే ఒప్పుకునేవాడు కాదు. "అది వచ్చి ఎన్నేళ్లయిందండీ, కొత్తవి చూడండి" అనేవాడు. వారానికొక పుస్తకం. చదవడం, రాసివ్వడం, మర్చిపోవడం. ఇప్పుడు ఆ పద్ధతే 'ఈ పుస్తకం నేర్పే అయిదు పాఠాలు' అన్న పేరుతో అన్ని చోట్లా నడుస్తోంది. పదిహేను నిమిషాల్లో పుస్తకం సారాంశం వినిపిస్తామంటున్నారు. రచయిత ఏళ్ల తరబడి పేర్చిన ఆధారాలన్నీ తీసేసి ముగింపు మాత్రం చేతిలో పెడితే దాన్ని నమ్మడానికీ కాదనడానికీ చదివేవాడి దగ్గర ఏం మిగులుతుంది?

తర్వాత ఆ పని పోయింది. పుస్తకాలు కొనే స్తోమత లేదు. ఉన్నవాటిలో చాలా అమ్మేశాను. ఎవరూ కొనని ఒక లావుపాటి చరిత్ర పుస్తకం మిగిలితే, వేరే గతి లేక దాన్నే మళ్లీ మళ్లీ చదివాను. రెండోసారి చదివినప్పుడు, రచయిత తనకు ఎదురొచ్చే ఆధారాన్ని దాచకుండా సరిగ్గా ఎక్కడ పెట్టాడో చూశాను. అంత బలమైన అభ్యంతరాన్ని పుస్తకం నడిమధ్యలో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో అప్పుడు తెలిసింది. ఆ తర్వాతి చదువులో ఇంకొకటి కనపడింది. పుస్తకం నిండా రాజులు పన్నులు వెయ్యడమే ఉంది, పన్ను కట్టినవాళ్లు ఒక్కచోటా మాట్లాడరు. ఆ లోటు మీద ఒక వ్యాసం రాశాను. నాదని చెప్పుకోదగ్గ మొదటి వ్యాసం అదే. నిడివి ఎక్కువైందని ఆ సంపాదకుడే తిప్పి పంపాడు. ఒక వాక్యం కూడా తగ్గించకుండా వేరే పత్రికకు పంపితే వేశారు.

మళ్లీ చదవమన్నానని అవే పేజీల మీద కళ్లు పరుగెత్తిస్తే లాభం లేదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న చిన్న పాఠాలిచ్చి పరీక్షించారు. కొందరు పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే గుర్తుచేసుకుని రాసినవాళ్లు ముందున్నారు. పదేపదే చదివినవాళ్లకే తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువగా ఉంది. పేజీ పరిచయమైనట్టు అనిపిస్తే వచ్చిందనే అనుకుంటాం. నీ వ్యాసంలో చాలా పుస్తకాల గురించి నీకున్నది ఆ పరిచయమే.

అందుకని రెండోసారి తెరిచేముందు పుస్తకం మూసి ఉండగానే రాయి. రచయిత ఏమంటున్నాడు, ఎందుకంటున్నాడు, ఏ ఆధారం తర్వాత ఏది వచ్చింది. గుర్తులేని చోట ఖాళీ వదిలెయ్. తర్వాత పుస్తకం తెరిచి ఆ ఖాళీల దగ్గర ఆగి చదువు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో రాయడం నేర్చుకున్నది ఇంచుమించు ఇలాగే. 'స్పెక్టేటర్' పత్రిక సంపుటం ఒకటి దొరికితే పదేపదే చదివాడు. ఒక్కో వాక్యంలోని భావాన్ని పొడిపొడిగా రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టి, అసలు చూడకుండా మొత్తం వ్యాసాన్ని తన మాటల్లో తిరిగి రాసేవాడు. ఆ తర్వాత అసలు పక్కన పెట్టుకుని తప్పులు దిద్దుకునేవాడు. ఒక్కోసారి ఆ పొడి మాటల్ని కలగాపులగం చేసి, వారాల తర్వాత మళ్లీ వరసలో పెట్టేవాడు. ఆలోచనల్ని ఒక క్రమంలో పెట్టడం అలా వచ్చిందని ఆత్మకథలో చెప్పుకున్నాడు. పగలంతా అన్నగారి ప్రెస్సులో పని. ఇదంతా రాత్రుళ్లూ తెల్లవారుజామునా ఆదివారాలూ చేసుకున్నదే.

ఇంకో మాట. నువ్వు పంపిన కొటేషన్లన్నీ నీకు ముందే నచ్చిన అభిప్రాయాలే. మొదటిసారి గీతలు గీసేది అలాంటి వాక్యాల కిందే. డార్విన్‌కు ఒక నియమం ఉండేది. తన సిద్ధాంతానికి ఎదురు నిలిచే విషయం కనపడితే అప్పటికప్పుడు రాసిపెట్టుకునేవాడు, అలాంటివే తొందరగా మరిచిపోతామని ఆయన అనుభవం. రెండోసారి చదివేటప్పుడు నిన్ను ఇబ్బంది పెట్టిన వాక్యం కింద గీత గియ్యి. పక్కన మార్జిన్‌లో ఎందుకు ఇబ్బందిగా ఉందో రెండు ముక్కలు రాయి. నీ తర్వాతి వ్యాసం అక్కడే దొరకవచ్చు.

వందా మళ్లీ చదవమనడం లేదు. చాలావాటికి ఒక్కసారే ఎక్కువ. వాటిని వదిలెయ్. ఏ పుస్తకంతో పోట్లాడాలనిపిస్తుందో, ఏది చదివి 'ఇలా నేనెందుకు రాయలేను' అనిపించిందో, అలాంటివి మూడో నాలుగో ఉంటాయి, అవి చాలు. పబ్లిషర్ల గురించి, కలం పేరు గురించి అడిగావు. ఇప్పుడు నీకు వాటితో పని లేదు.

డార్విన్ పుస్తకాన్ని మళ్లీ చదివేటప్పుడు 1859 నాటి మొదటి ఎడిషన్ సంపాదించు. 1872 నాటి ఆరో ఎడిషన్ వచ్చేసరికి విమర్శలకు జవాబులు చేరి, ఒక అధ్యాయం పెరిగింది. జవాబుల మధ్య ఆ పొడుగాటి వాదన అక్కడక్కడా తెగుతుంది. మొదటి దానిలో అది ఒక్క ఊపులో సాగుతుంది. ముందు పావురాల అధ్యాయం చదువు, వెంటనే నాలుగోది చదువు, తర్వాత మధ్యలోవి. అది అయ్యాక ఆ ఒక్క పుస్తకం మీద వ్యాసం రాసి పంపు. నిడివి గురించి ఆలోచించకు, ఎంత పొడుగైనా చదువుతాను.