పది కంప్యూటర్లా, ముందు లెక్కల పుస్తకమా?

ప్రశ్న: స్నేహితులం ఆరుగురం కలిసి ఓ పేద దేశంలోని అంధుల బడికి పది కంప్యూటర్లు పంపాలనుకుంటున్నాం. మీకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు, పైగా టీచరుగా చేశారు కాబట్టి అడుగుతున్నాం. ఇది పనికొచ్చే సాయమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: పనికొస్తుంది గానీ, మీరనుకున్నంత కాదు. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. చూపులేని ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టింది. కాబట్టి దానికి పైసా ఖర్చు లేదు. మరి ఆ పిల్లల భాష పలికే గొంతు కంప్యూటర్లో ఉందో లేదో కనుక్కున్నారా? హెడ్‌ఫోన్లు కూడా మరిచిపోకండి. పది కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడే గదిలో నేనోసారి పాఠం చెప్పాను. అరగంటకే తల వాచిపోయింది.

నన్నడిగితే ముందు పుస్తకాల సంగతి చూడమంటాను. నేను చదువుకునేటప్పుడు బ్రెయిలీ లెక్కల పుస్తకం చేతికొచ్చేసరికి పరీక్షలు నెత్తి మీదుండేవి. అందాకా పక్కపిల్ల చదివి వినిపిస్తుంటే రాసుకునేదాన్ని. రాయడమంటే ఏమనుకుంటున్నారు? దళసరి కాగితాన్ని గళ్ల చట్రంలో బిగించి, మొనదేలిన సూదితో కుడి నుంచి ఎడమకి ఒక్కో చుక్కా పొడవాలి, ప్రతి అక్షరమూ అద్దంలో కనిపించినట్టు తిరగేసి. కాగితం తిప్పితే చుక్కలు పైకి లేచి ఎడమ నుంచి కుడికి వేలికి తగులుతాయి. గంటసేపు పొడిస్తే అరచేతిలో గుంట పడేది.

జామెట్రీ దగ్గరికొచ్చేసరికి మా సారు, "బొమ్మల లెక్కలు నీకొద్దులే అమ్మా" అన్నారు. జాలితోనే అన్నారు. ఆ జాలి నా చదువులో ఓ ఏడాదిని మింగేసింది. మరుసటేడు వచ్చిన టీచరమ్మ అట్టముక్క మీద జిగురు రాసి, దారం అంటించి, త్రిభుజం చేసి నా చేతిలో పెట్టింది. శీర్షం నుంచి దిగిన దారం భూమిని ఎక్కడ తాకిందో తడిమి చూశాక గానీ లంబమంటే ఏమిటో నాకు తెలియలేదు. అట్ట, జిగురు, మూరెడు దారం, అంతే!

ఇంకో మాట. 2013లో మొరాకోలోని మరకేష్‌లో ఓ ఒప్పందం కుదిరింది, 2016 సెప్టెంబరు 30న అమల్లోకొచ్చింది. అందులో చేరిన దేశాల్లో ప్రచురణకర్త ఒప్పుకునేదాకా ఆగకుండా పుస్తకాన్ని బ్రెయిలీలోకి మార్చుకోవచ్చు, అలా మార్చినదాన్ని మరో సభ్యదేశానికి పంపుకోవచ్చు. అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే, 2014లో. మీరనుకుంటున్న బడి ఉన్న దేశం అందులో ఉందేమో చూడండి. ఉంటే, అదే భాషలో పాఠాలు చెప్పే పొరుగుదేశంలో ఆ పుస్తకం ఇప్పటికే చుక్కల్లో ఉండొచ్చు. మళ్లీ మొదటి నుంచి చేయించడం దండగ.

కంప్యూటర్లు కొనకముందే ఆ బడి హెడ్మాస్టరుకి ఒక ఉత్తరం రాయండి. ఈ ఏడాది లెక్కల పుస్తకం పిల్లల చేతికి ఏ నెలలో అందింది, బొమ్మల లెక్కలు ఎవరైనా చెప్తున్నారా అని అడగండి. జవాబు రాగానే నాకూ రాయండి.