టెక్ సందేహాలు: ఆ మందు గురించి వెతికితే ఇంట్లో అందరికీ తెలిసిపోతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. కొన్ని నెలలుగా అంగస్తంభన సమస్య ఉంది. ఒక రాత్రి నా ఫోన్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) గురించి చాలాసేపు చదివాను. రెండు రోజుల తర్వాత మా అబ్బాయి హాల్లో ట్యాబ్‌లో ఏదో వెతకబోయి మొదటి రెండక్షరాలు కొట్టగానే కింద ఆ మందు పేరే వచ్చింది. ‘నాన్నా, ఇదేంటి?’ అని అడిగాడు. తల తీసేసినట్టయింది. ఆన్‌లైన్లో డాక్టరుకు చూపించుకుని మందు తెప్పించుకుందామనుకుంటున్నాను. బ్రౌజర్లో హిస్టరీ దాచుకోని ‘ఇన్‌కాగ్నిటో’ కిటికీలో చేస్తే ఎవరికీ తెలియకుండా ఉంటుందా?

జవాబు: ముందు ఒక మాట. మీకొచ్చింది అరుదైన సమస్యేమీ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద జరిపిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. వాళ్లలో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉందని తేలింది. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అయినా మీ సంగతి మీరు చెప్పదలచుకున్నవాళ్లకే తెలియాలన్నది న్యాయమైన కోరిక. అందుకే ఈ వారం దీని గురించే వివరంగా రాస్తున్నాను.

మీ ఇంట్లో జరిగింది ఇదీ: ఫోన్లోనూ ట్యాబ్‌లోనూ ఒకే గూగుల్ ఖాతాతో లాగిన్ అయి ఉన్నారు. మీరు వెతికింది ఫోన్లోనే అయినా అది నమోదైంది ఖాతాలో. ఇక్కడ చాలామంది పొరబడతారు. బ్రౌజర్ హిస్టరీ చెరిపేసి, పని అయిపోయిందనుకుంటారు. బ్రౌజర్ దాచుకునేది ఒకటి, గూగుల్ ఖాతా దాచుకునేది ఇంకొకటి. రెండూ విడివిడిగా చెరపాలి. ఖాతా సెట్టింగుల్లో ‘డేటా అండ్ ప్రైవసీ’లోకి వెళ్లి, ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ తెరిచి, పైనున్న పెట్టెలో మందు పేరు కొట్టండి. దానికి సంబంధించినవన్నీ వరసగా కనిపిస్తాయి, తీసేయండి. అక్కడే ‘ఆటో డిలీట్’ను మూడు నెలలకు పెట్టుకోండి. ఆ తర్వాత ట్యాబ్‌లోంచి మీ ఖాతా తీసేసి, దానికంటూ వేరే ఖాతా పెట్టండి. అసలు మందు ఇదే. ఇంటిల్లిపాదీ వాడే పరికరంలో ఒకరి సొంత ఖాతా ఉండకూడదు.

ఇన్‌కాగ్నిటో చేసే పని చాలా చిన్నది. ఆ కిటికీ మూయగానే మీ ఫోన్ దాన్ని మర్చిపోతుంది, అంతే. మీరు వెళ్లిన సైటు మర్చిపోదు. ఆఫీసు వైఫైలో ఉంటే ఏ సైటుకు వెళ్లారో ఆఫీసు నెట్‌వర్క్ చూసేవాళ్లకు తెలుస్తుంది. సైటులో లాగిన్ అయితే ఆ సైటు దృష్టిలో మీరు మీరే.

వెతకడం కంటే ఆ తర్వాత వచ్చే నోటిఫికేషన్లే ఎక్కువ రట్టు చేస్తాయి. ‘మీ ఆర్డర్ బయల్దేరింది’ అన్న మెసేజ్ లాక్ స్క్రీన్ మీదికి వస్తుంది. అదే మీ చేతి వాచీ మీద, కారు స్క్రీన్ మీద కూడా వస్తుంది. కొన్ని కార్లయితే పైకి చదివి వినిపిస్తాయి. అందుకని లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లోని విషయం కనిపించకుండా పెట్టుకోండి, వాచీకీ కారుకీ ఆ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోన్లో బ్యాకప్ ఆన్‌లో ఉంటే, మందుల చీటీ ఫోటో తీయగానే అది దానంతటదే క్లౌడ్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లోని మీ ఖాతాలోకి వెళ్లిపోతుందన్నది గుర్తుంచుకోండి. నాకు బాగా తెలిసిన ఒకాయన ఇంట్లో, చుట్టాలంతా కూర్చుని ఉండగా టీవీ స్క్రీన్‌సేవర్‌లో పెళ్లి ఫోటోల మధ్య ఆయన చీటీ నిలువెత్తున ప్రత్యక్షమైంది. అది మందు పేరు చదవడానికి సరిపోయేంత సేపు ఉంది. గూగుల్ ఫోటోస్‌లో ‘లాక్డ్ ఫోల్డర్’ ఉంటుంది, చీటీని దాంట్లో పెట్టండి. అందులోవి టీవీ మీదికి రావు.

ఇక ఆన్‌లైన్ డాక్టరు సైట్ల సంగతి. ఈ జవాబు రాసేముందు నేను అలాంటి ఒక సైటును కంప్యూటర్లో తెరిచాను. ఎఫ్12 మీట నొక్కి, ‘నెట్‌వర్క్’ అన్న ట్యాబ్ చూస్తూ ప్రశ్నావళి మొదలుపెట్టాను. సైటు బయటికి పంపేదంతా అక్కడ వరసగా కనిపిస్తుంది. మొదటి ప్రశ్న దగ్గరే వేరే కంపెనీల చిరునామాలు కదలడం మొదలైంది. ఒక వరస మీద నొక్కి చూస్తే, నేనున్న పేజీ చిరునామా మొత్తం అందులో ఉంది: సైటు పేరు, గీత, అంగస్తంభన సమస్య, గీత, మూడో ప్రశ్న. నేనింకా పేరైనా ఇవ్వలేదు. కానీ ఆ ప్రకటనల కంపెనీకి ఈ బ్రౌజర్ ఎవరిదో ముందే తెలిసి ఉంటే ఇక పేరు దేనికి? కడుపు మండింది. మనిషి తన భార్యకు కూడా చెప్పుకోలేని మాటను ఈ పేజీలో టైపు చేస్తాడు కదా.

ఇది ఆ ఒక్క సైటు తప్పు కాదు. అమెరికాలో 2022 చివర్లో పాత్రికేయులు ఇలాంటి 50 ఆన్‌లైన్ వైద్య సైట్లను పరీక్షిస్తే, ఒక్కటి తప్ప అన్నీ చూసిన పేజీల వివరాలను పెద్ద టెక్ కంపెనీలకు పంపుతున్నాయని తేలింది. 2023 ఫిబ్రవరిలో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మందుల ధరలు పోల్చి చూపే గుడ్‌ఆర్‌ఎక్స్ మీద ఇదే విషయంలో 15 లక్షల డాలర్ల జరిమానా ప్రతిపాదించింది.

మీరు చేయగలిగింది ఉంది. ఈ పని కోసం ఫైర్‌ఫాక్స్ లాంటి వేరే బ్రౌజర్ ఒకటి పెట్టుకుని, ట్రాకర్ల (మీరు చూసే పేజీలను వేరే కంపెనీలకు చేరవేసేవాటి) అడ్డుకట్టను ‘స్ట్రిక్ట్’లో ఉంచండి. అందులో ఇంకే ఖాతాతోనూ లాగిన్ కాకండి. ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’, ‘గూగుల్‌తో లాగిన్’ అన్నవి నొక్కకండి, దీనికోసం విడిగా ఒక ఈమెయిల్ తెరవండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగుల్లో ప్రైవసీ, యాడ్స్‌లోకి వెళ్లి, ప్రకటనల కంపెనీలు మీ ఫోన్‌ను గుర్తుపట్టడానికి వాడే అడ్వర్టైజింగ్ ఐడీని తొలగించండి. ఆ వైద్యసేవ వాళ్ల యాప్ మాత్రం వేసుకోవద్దు, బ్రౌజర్ చాలు.

అన్నిటికన్నా ట్రాకర్లు తక్కువగా ఉండేది మామూలు డాక్టరు గదిలో. మనిషి ఎదురుగా కూర్చుని చెప్పుకోగలిగితే అదే మేలు. బీపీ, షుగరు కూడా అక్కడే చూస్తారు. ఈ సమస్య కొందరిలో గుండె జబ్బుకు ముందస్తు గుర్తు. అంగానికి రక్తం తెచ్చే నాళాలు గుండె నాళాల కంటే సన్నవి కాబట్టి, పూడిక ప్రభావం ముందు అక్కడ కనిపించవచ్చు. 46 ఏళ్లకు ఆ పరీక్ష దాటేయకూడదు.

ప్రశ్న: ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు, ధరలో 80 శాతం తగ్గింపు అని ఒక సైటు కనిపించింది. పేరున్న బ్రాండ్ కొనే స్తోమత నాకు లేదు. కొనొచ్చా?

జవాబు: వద్దండీ. ‘ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు’ అన్న మాట మీకు సదుపాయంగా వినిపిస్తోంది. నాకు మాత్రం ‘మీ గుండె సంగతి మాకు అక్కర్లేదు’ అన్నట్టు వినిపిస్తోంది. ఛాతీనొప్పికి వాడే నైట్రేట్ మందులు, అంటే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్, ఐసోసార్బైడ్ లాంటివి, సిల్డెనాఫిల్‌తో కలిస్తే బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. రెండూ రక్తనాళాలను ఒకే దారిలో వదులు చేస్తాయి మరి. ప్రొస్టేట్‌కు వాడే టామ్సులోసిన్ లాంటివాటితోనూ జాగ్రత్త అవసరం. నిజమైన సైటయినా, డాక్టరయినా మొదట అడిగేది ఇదే. ‘గుండె మందులేమైనా వాడుతున్నారా?’ అని అడగకుండా కార్డు నంబరు అడిగిన సైటును అక్కడికక్కడే మూసేయండి.

ఇలాంటి సైట్లు వేలల్లో కనిపిస్తాయి కానీ వెనకున్న మనుషులు కొద్దిమందే. 2011లో కాలిఫోర్నియా పరిశోధకులు స్పామ్ మెయిళ్లలోని (అడక్కుండా వచ్చిపడే ప్రకటనల మెయిళ్లలోని) లింకులను పట్టుకుని, నిజంగానే సరుకు కొని, డబ్బు ఏ దారిన పోతోందో చూశారు. స్పామ్ అమ్మే మందులు, నకిలీ బ్రాండ్ సరుకు, సాఫ్ట్‌వేర్‌లలో 95 శాతానికి డబ్బు వసూలు చేసిపెట్టేది గుప్పెడు బ్యాంకులేనని తేలింది. అంటే ఒక సైటును మూయిస్తే అదే దుకాణం మర్నాడు ఇంకో పేరుతో తెరుచుకుంటుంది. అందుకే డొమైన్ (సైటు చిరునామా) వయసు చూడండి. ‘హూయిజ్’ అని వెతికితే ఉచితంగా చూపించే సైట్లు చాలా ఉన్నాయి. ‘పాతికేళ్ల నమ్మకం’ అని రాసుకున్న దుకాణం డొమైన్ పుట్టి నాలుగు నెలలే అయితే ఇంకేం చూడాలి? క్రిప్టో, గిఫ్ట్ కార్డులు మాత్రమే తీసుకుంటామంటే అదీ గుర్తే.

సైటు మీద కనిపించే ముద్రలను చూడటం కాదు, నొక్కండి. యూరోపియన్ యూనియన్‌లో ఆన్‌లైన్ మందుల షాపులకు 2015 నుంచి ఒక ఉమ్మడి లోగో తప్పనిసరి. దాన్ని నొక్కితే ఆ దేశపు ప్రభుత్వ జాబితాలోకి తీసుకెళ్లాలి. దొంగ సైట్లలో అది ఉత్త బొమ్మ. నొక్కితే ఏమీ జరగదు, లేదా వాళ్ల సొంత పేజీయే తెరుచుకుంటుంది. తెరుచుకున్న పేజీ చిరునామా ప్రభుత్వానిదేనా అన్నది పైన చూడండి. మీరున్న చోట ఈ లోగో లేకపోయినా, లైసెన్సున్న షాపుల జాబితా ఔషధ నియంత్రణ సంస్థ సైటులో ఉందేమో మీరే వెతికి చూడండి. షాపువాడు ఇచ్చిన లింకులోంచి మాత్రం వెళ్లకండి.

ఇక ధర. వయాగ్రా 1998లో వచ్చింది. దాని పేటెంట్ చాలా దేశాల్లో ఎప్పుడో ముగిసింది. ఇప్పుడు సిల్డెనాఫిల్, అదే కోవలోని టాడలాఫిల్ రెండూ జనరిక్‌గా, అంటే బ్రాండు పేరు లేకుండా చవగ్గా దొరుకుతున్నాయి. అందులో ఉన్న మందు అదే, పని చేసే తీరూ అదే. చీటీలో బ్రాండు బదులు మందు అసలు పేరు రాయమని డాక్టర్ని అడగండి. ఖర్చు తగ్గేది అక్కడే. సిల్డెనాఫిల్ ప్రభావం నాలుగైదు గంటలు, టాడలాఫిల్‌ది 36 గంటల దాకా. మీ అవసరాన్ని బట్టి ఏది ఎంత మోతాదులో తక్కువలో సరిపోతుందో డాక్టరే చెప్పాలి. ఎక్కువ మిల్లీగ్రాముల మాత్రను సగం చేసుకోవచ్చా అని కూడా అడగండి. చాలాచోట్ల 100 మిల్లీగ్రాములదీ 50దీ ధరలో పెద్ద తేడా ఉండదు.

నెలనెలా డబ్బు కట్టే సభ్యత్వాల దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. మొదటి నెల చవగ్గా ఇచ్చి, రెండో నెల నుంచి అడక్కుండానే పూర్తి ధర తీసుకుంటారు. ఆపేసే బటన్ నాలుగు పేజీల లోపల ఉంటుంది. వీలైతే సలహాకు మాత్రమే డబ్బు కట్టి, చీటీ చేతికి తీసుకుని, మందు ధర రెండు మూడు చోట్ల పోల్చి చూసి కొనండి.

ప్రశ్న: ఇదే సమస్యకు ‘నూరు శాతం మూలికలు’ అంటూ క్యాప్సూళ్ల ప్రకటనలు ఫోన్లో ఆగకుండా వస్తున్నాయి. ఇంగ్లిష్ మందు కాదు కాబట్టి ప్రమాదం ఉండదు కదా? వీపీఎన్ (మన ఇంటర్నెట్ రాకపోకలను వేరే కంప్యూటరు మీదుగా మళ్లించే యాప్) పెడితే ప్రకటనలు ఆగుతాయా?

జవాబు: వీపీఎన్ ఆపదు. అది దారిని దాస్తుందే తప్ప మిమ్మల్ని కాదు. ప్రకటన మీద మూడు చుక్కలు నొక్కి ‘చూపించవద్దు’ అనండి, పైన చెప్పిన అడ్వర్టైజింగ్ ఐడీ తీసేయండి. క్యాప్సూళ్ల విషయం ఇంకా గట్టిగా చెబుతున్నాను. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి ‘సహజ’ ఉత్పత్తులను ల్యాబులో పరీక్షించి, పైన రాయని సిల్డెనాఫిల్, టాడలాఫిల్ వాటిలో ఉన్నాయని పదేపదే హెచ్చరించింది. అదే మందును, ఎంత ఉందో తెలియకుండా, ఏ డాక్టరుకూ చెప్పకుండా మింగుతున్నారన్నమాట. నైట్రేట్లు వాడేవాళ్లకు దీనికి మించిన ప్రమాదం లేదు.

ప్రశ్న: డాక్టరు టాడలాఫిల్ రాశారు. ఫోన్లో ఎమర్జెన్సీ వివరాల్లో, లాక్ తీయకుండానే కనిపించే చోట, దీన్ని రాయాలా? ఎవరైనా చూస్తారని సంకోచం.

జవాబు: రాయండి. స్పృహ లేని స్థితిలో ఛాతీనొప్పి అని ఆస్పత్రికి తీసుకెళ్తే మొదట ఇవ్వాలనుకునే మందుల్లో నైట్రేట్ ఒకటి. టాడలాఫిల్ వేసుకున్న 48 గంటల్లోపు అది ఇవ్వకూడదు. ఆ సంగతి చెప్పడానికి అప్పుడు మీ నోరు పెగలదు, ఫోన్ చెప్పాలి. ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని మెడికల్ ఐడీలో ‘లాక్ అయినప్పుడు చూపించు’ అన్నది ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగుల్లో ‘సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ’లో ఉంటుంది. బ్రాండు పేరు కాకుండా ‘టాడలాఫిల్’ అని, మోతాదుతో సహా రాయండి. ఈ మందును ప్రొస్టేట్ వాపుకూ, ఊపిరితిత్తుల్లో బీపీ పెరిగే జబ్బుకూ కూడా ఇస్తారు. పేరు చూసి ఏం జాగ్రత్త పడాలో డాక్టరుకు తెలుస్తుంది. ఫోన్ చేతిలోకి తీసుకున్న చుట్టానికి మాత్రం మీరు దేనికి వాడుతున్నారో తెలియదు.