ఒక్క క్రియ తప్పితే

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. నడక బాగుంది. అయితే మూడో పేజీలో "సౌర పవనం తాకగానే గ్రహాల నడుమనున్న హైడ్రోజన్ దీపంలా వెలుగుతుంది" అన్న వాక్యం దగ్గర కాగితాలు పక్కన పెట్టేశాను. ఆ హైడ్రోజన్‌ను వెలిగించేది సూర్యుడి అతినీలలోహిత కాంతి, 121.6 నానోమీటర్ల లైమన్ ఆల్ఫా కిరణాన్ని పరమాణువు పీల్చుకుని తిరిగి వెదజల్లుతుంది. సౌర పవనం, అంటే సూర్యుడి నుంచి వీచే విద్యుదావేశ కణాల గాలి, చేసేది ఆర్పే పని. అందులోని ప్రోటాన్ ఎదురైన పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుంటుంది. పోగొట్టుకున్నది ఇక మెరవలేదు. లాక్కున్నది సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూ ఆ కాంతికి అందకుండా పోతుంది.

ఉపమానం తప్పినా పాఠకుడు క్షమిస్తాడు గాని, క్రియ తప్పితే విషయమే తప్పుతుందని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నాను. ఒకప్పుడు ఒక వారపత్రికకు ఇదే సంగతి రాసి పంపితే, సంపాదకులు నా "మసకబారుతుంది"ని కొట్టేసి "మిలమిలలాడుతుంది" అని వేశారు. రైల్వే స్టేషన్ బల్ల మీద కూర్చుని ఆ ప్రతిని ఎర్ర సిరాతో దిద్ది ఆయనకే పంపాను. సవరణ రాలేదు, 40 రూపాయల మనియార్డరు వచ్చింది.

ఈ పవనం అన్ని దిక్కులా ఒకేలా వీస్తుందనీ రాశావు. 1990లో బయలుదేరిన యులిసిస్ నౌక 1994, 1995లలో సూర్యుడి ధ్రువాల మీదుగా సాగినప్పుడు, అక్కడ వేగం సెకనుకు సుమారు 750 కిలోమీటర్లు ఉంది. మధ్యరేఖ దగ్గర అది 400 ప్రాంతంలోనే ఉంటుంది. వేగం చూసి మోసపోవద్దు నాయనా. ధ్రువాల గాలి వడిగలదే గాని పలచన. మధ్యరేఖ దగ్గరిది నెమ్మదైనా దట్టం కనుక, హైడ్రోజన్ ఎక్కువగా నశించేది అక్కడే. అందుకే సౌరచక్రం, అంటే సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గే సూర్యుడి ఉద్ధృతి, కనిష్ఠంగా ఉన్న రోజుల్లో సూర్యుణ్ణి గమనించే సోహో నౌకలోని స్వాన్ పరికరం గీసిన ఆకాశ పటంలో, ఆ మెరుపు నడుమ నాగటి చాలులాంటి మసక పట్టీ కనిపించింది. చక్రం ఉచ్చస్థితికి చేరి నెమ్మది గాలీ వడిగాలీ అన్ని అక్షాంశాల్లో కలగలిసిపోయినప్పుడు ఆ చాలు పూడిపోయింది. మసక ఎక్కడుందో చూసి గాలి ఎక్కడ దట్టమో చెబుతారన్నమాట. నీ క్రియతో చదివితే ఈ పటమంతా తిరగబడుతుంది.

చివర ఆదిత్య-ఎల్1ను జెండాలా ఎత్తావు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆ నౌక గాలిని తానున్న చోటే కొలుస్తుంది, ధ్రువాల మీదికి పోదు. ఆ పేరా తీసెయ్యి.

ప్రచురణకర్తల సంగతి మరో ఉత్తరంలో. మూడో పేజీ తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, దిద్దడానికి నాకు చోటు చాలడం లేదు.