పాఠకుల ప్రశ్నలు: మురుగునీటికి మొక్కల మడి

ప్రశ్న: మా ఊళ్లో 60 ఇళ్ల వాడకం నీళ్లు మోరీ గుండా చెరువులోకి పోతున్నాయి. మరుగుదొడ్డి నీళ్లు వాటిలో కలవవు. మొక్కల మడి (కృత్రిమ చిత్తడి నేల) కట్టాలంటే ఎంత జాగా కావాలి? – వార్డు సభ్యుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: మొక్కల మడి అంటే కంకర నింపిన గుంటలో మొక్కలు నాటి, ఆ కంకర గుండా మురుగునీటిని పారించి శుభ్రం చేసే ఏర్పాటు. ముందు నీళ్లు కొలవండి. మోరీ చివర బకెట్టు పెట్టి, అది ఎన్ని సెకన్లలో నిండుతుందో పొద్దున్నుంచి రాత్రి దాకా గంటకోసారి రాసుకోండి. ఊహించిన లెక్కతో కట్టిన మడి పండగ రోజుల్లో పొర్లుతుంది. ప్రస్తుతానికి 300 మంది, మనిషికి 40 లీటర్లు అనుకుంటే రోజుకు 12 ఘనపు మీటర్లు.

మడికి ముందు ఇనుప జాలీ, ఆ తర్వాత మడ్డి అడుక్కు దిగడానికి రెండు గదుల సెటిలింగ్ ట్యాంకు ఉండాలి. ఒక రోజు నీళ్లు, అంటే 12 ఘనపు మీటర్లు అందులో పట్టాలి. జాగా లేదని దీన్ని వదిలేసే వాళ్లున్నారు. అలా కట్టిన మడి మడ్డితో మూసుకుపోవడం ఖాయం. ట్యాంకు దాటాక బి.ఓ.డి. (కుళ్లే పదార్థాన్ని విడగొట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, అంటే మురుగు ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 140 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, రోజుకు 1,680 గ్రాముల కుళ్లే పదార్థం మడికి చేరుతుంది. చదరపు మీటరుకు 8 గ్రాములకు మించి వేయకపోవడం మంచిది. కాబట్టి సుమారు 200 చదరపు మీటర్లు కావాలి.

ఆకారంలోనే చాలామంది పొరబడతారు. కాలువలా సన్నగా, పొడుగ్గా తవ్వితే నీళ్లు దిగే మొదటి అంచు మీదే భారమంతా పడుతుంది. నీళ్లు ఎదురయ్యే నిలువు ముఖానికి చదరపు మీటరుకు రోజుకు 250 గ్రాముల బి.ఓ.డి. మించకూడదు. మీకు 6.7 చదరపు మీటర్ల ముఖం కావాలి. నీటి లోతు అర మీటరు కాబట్టి వెడల్పు 13.4 మీటర్లు, పొడవు 15 మీటర్లు. నడుమ గోడ కట్టి రెండు మడులు చేసుకోండి, ఒకదాన్ని ఆపి బాగుచేసుకోవచ్చు.

మడి అడుగుభాగానికి నూటికి ఒకటి వాలు, అంటే 15 మీటర్లకు 15 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల మెత్తటి ఇసుక పరిచి దాని మీద ఒక మిల్లీమీటరు మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు వేయండి. నల్లరేగడిలో షీటు తప్పనిసరి, ఎండాకాలం నేల బీటలు వారుతుంది. నీళ్లు వచ్చే చివర, పోయే చివర అర మీటరు మేర 40–80 మి.మీ. రాయి, నడుమ 10–20 మి.మీ. కంకర, మొత్తం 60 సెంటీమీటర్ల ఎత్తు. అంతా కలిపి 120 ఘనపు మీటర్లు, దాదాపు 4,240 ఘనపుటడుగులు. క్రషర్ నుంచి వచ్చిన కంకరను కడగకుండా పోయకండి. ఆ దుమ్ము అడుక్కు చేరి సందులు పూడ్చేస్తుంది. కంకర మీద మట్టి అసలే పోయకూడదు.

చివర పైపుకు తిప్పగలిగే ఎల్బో (వంపు ముక్క) పెట్టండి. దాన్ని వంచి నీటిమట్టం కంకర పైభాగానికి 5–10 సెంటీమీటర్ల కింద నిలిపితే పైన నీళ్లు కనిపించవు, దోమ గుడ్లు పెట్టదు.

ప్రశ్న: మా హాస్టల్ మురుగుకు ఇలాంటి మడే ఉంది. పరీక్షలో బి.ఓ.డి. లీటరుకు 210 మిల్లీగ్రాముల నుంచి 22కు దిగింది. అమ్మోనియా నత్రజని మాత్రం 38 నుంచి 35కే తగ్గింది, నైట్రేటు లేదు. మొక్కలు పచ్చగానే ఉన్నాయి. లోపం ఎక్కడ? – వార్డెన్, గుంటూరు జిల్లా

జవాబు: మొక్కల్లో లోపం లేదు, ఆక్సిజన్ చాలడం లేదు. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి 4.6 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మీ నీళ్లకు లీటరుకు దాదాపు 175 మిల్లీగ్రాములు. మన వేడికి నీళ్లలో కరిగేది ఏడెనిమిదే. వేళ్లు వదిలే గాలి కొద్దిపాటిది. అది వేళ్ల చుట్టూ ఉన్న బి.ఓ.డి.కే ఖర్చవుతుంది. పైగా మురుగులోని సేంద్రియ నత్రజని కూడా మడిలోనే అమ్మోనియాగా విడిపోతుంది. కాబట్టి ఒక్కోసారి బయటి అంకె లోపలి దానికంటే పెరిగినా ఆశ్చర్యపోవద్దు.

ఇప్పటి మడి తర్వాత నిలువు మడి (నీళ్లు పై నుంచి కిందికి దిగేది) ఒకటి చేర్చండి. మనిషికి ఒక చదరపు మీటరు, 60 సెంటీమీటర్ల కడిగిన ముతక ఇసుక, దాని కింద కంకర, కంకరలో చిల్లుల పైపులు. ఆ పైపుల చివరలు గాలి ఆడేలా పైకి నిలబెట్టండి. పంపుతో రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు ఒక్కసారిగా నీళ్లు పరచాలి. నీళ్లు దిగాక ఇసుకలోకి గాలి వెళ్తుంది, అమ్మోనియా నైట్రేటవుతుంది. అక్కడితో ఆగితే పేరు మారిందే తప్ప నత్రజని పోలేదు. నిలువు మడి దాటిన నీటిలో, చెరువుకు వదిలేదానికి సమానమైనంత మళ్లీ సెటిలింగ్ ట్యాంకు మొదటి గదికి పంపండి. అక్కడ గాలి లేదు, కుళ్లే పదార్థం ఉంది. సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చేస్తాయి. దీంతో సుమారు సగం నత్రజని పోతుంది. ట్యాంకులో, పాత మడిలో ప్రవాహం రెట్టింపవుతుంది కాబట్టి మడ్డి లేవకుండా చూసుకోవాలి.

ప్రశ్న: మా మొక్కల మడిలో భాస్వరం మొదటి ఏడాది బాగా తగ్గింది, ఇప్పుడు తగ్గడం లేదు. మొక్కలు కోస్తే సరిపోతుందా? – పాఠకురాలు, నల్లగొండ

జవాబు: సరిపోదు. నత్రజనికి గాలిలోకి దారి ఉంది, భాస్వరానికి లేదు. అది రాళ్లకు అంటుకోవాలి, మడ్డిలో దిగాలి, మొక్కతో బయటికి రావాలి. కొత్త కంకర కొంత పట్టుకుంటుంది, నిండాక మానేస్తుంది. మన గ్రానైటు కంకరకు ఆ శక్తి మరీ తక్కువ.

మొదటి ప్రశ్నలోని మడితోనే లెక్క చూడండి. రోజుకు 12 ఘనపు మీటర్ల నీటిలో లీటరుకు 4 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటే ఏడాదికి 17.5 కిలోలు. మొక్కలు గట్టిగా పెరిగి చదరపు మీటరుకు 5–10 గ్రాములు తీసుకున్నా, 200 చదరపు మీటర్ల నుంచి కోతతో వచ్చేది ఒకటి, రెండు కిలోలు. కోసినవి గట్టు మీదే వదిలితే అదీ తిరిగి మడిలోకే చేరుతుంది. చివర విడిగా ఇనుము ఎక్కువున్న లేటరైటు రాయి తొట్టి పెట్టి, భాస్వరం దాటడం మొదలవగానే రాయి మార్చాలి.

అయితే చెరువులోకి వదలక తప్పనప్పుడే ఇంత శ్రమ. దగ్గర్లో పశుగ్రాసం మడి గానీ టేకు తోట గానీ ఉంటే ఆ నీళ్లు అటు మళ్లించండి. చెరువులో నాచు, గుర్రపుడెక్క పెంచే ఆ భాస్వరమే అక్కడ ఎరువు. పచ్చిగా తినే కూరగాయలకు మాత్రం పెట్టవద్దు.

ప్రశ్న: ఏ మొక్క మేలు? మడి పైకి నల్లటి నీళ్లు తేలితే ఏం చేయాలి? – పాఠకుడు, అనంతపురం

జవాబు: మెట్టతామర తేలిగ్గా నాటుకుంటుంది, చదరపు మీటరుకు నాలుగు దుంపలు చాలు. జమ్ము కూడా పనికొస్తుంది, కానీ వేళ్లు 30 సెంటీమీటర్లు దాటి దిగడం అరుదు. వేళ్లు నిలదొక్కుకునే దాకా నీటిమట్టం కంకర పైభాగం దాకా ఉంచి, తర్వాత దించండి.

నీళ్లు వచ్చే చివర నలుపు తేలిందంటే ముందు ట్యాంకు మూత తీసి చూడండి. మడ్డి మూడో వంతుకు చేరితే తోడించాలి. ఆ మడికి నీళ్లు ఆపి, ఎల్బో పూర్తిగా వంచి రెండు వారాలు ఆరనివ్వండి. అప్పటికీ తేరుకోకపోతే మొదటి రెండు మీటర్ల రాయి తీసి, కడిగి, మళ్లీ పోయాలి.