బీపీ మాత్రలు వాడుతూ మెడనొప్పికి మందు వేసుకోవచ్చా?

అక్కా, ఆరేళ్లుగా లోసార్టాన్ అనే బీపీ మాత్ర వాడుతున్న మీరు, కుట్టుమిషను పనితో పట్టేసిన మెడకూ భుజానికీ రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని అడిగారు. దయచేసి వద్దు. డైక్లోఫెనాక్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలవచేసి బీపీని పెంచుతుంది. రెండు మందులూ నెలల తరబడి కలిస్తే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అలాగని బీపీ మాత్రను సొంతంగా మానకండి.

తిరుపతిలో బర్డ్ ఎముకల ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి. మా అమ్మ “తెల్ల మాత్ర” అని మాత్రమే చెప్పగలిగినందుకు డాక్టరుగారు మందు రాయకుండా మళ్లీ రమ్మన్నారు. ఫిజియోథెరపీ గురించి తప్పక అడగండి. అరగంటకోసారి గుడ్డ మీది నుంచి తల ఎత్తి, భుజాలు మెల్లగా వెనక్కి తిప్పండి. చెయ్యి తిమ్మిరెక్కి కత్తెర పట్టు తప్పుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి.