మీరడిగారు, మేం చెప్తున్నాం: క్రీట్ దీవిలో కారేసుకుని తిరగాలంటే

ప్రశ్న: నమస్తే అండి. సెప్టెంబర్ చివర్లో మేమిద్దరం గ్రీస్ వెళ్తున్నాం. ఏథెన్స్ అయ్యాక క్రీట్ దీవికి ఆరు రోజులు పెట్టుకున్నాం. కారు రెంట్‌కి తీసుకుని దీవి మొత్తం ఒక రౌండ్ కొట్టేద్దామని మావారి ప్లాన్. మ్యాప్‌లో చూస్తే చిన్నగానే ఉంది కదా, కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: కుదరదమ్మా. కుదిర్చినా సగం రోజులు సీట్లోనే గడిచిపోతాయి. మ్యాప్‌లో చిన్నగా కనిపించే ఆ దీవి ఈ కొస నుంచి ఆ కొసకి 260 కిలోమీటర్లు, మధ్యలో పొడుగునా కొండలే, సిలొరీటిస్ అనే శిఖరం 2,456 మీటర్లు ఉంటుంది, పడమర వైపు తెల్లకొండలు కూడా దాదాపు అంతే ఎత్తు. ఉత్తర తీరం వెంబడి మెయిన్ రోడ్డు ఒకటుంది, దాని మీద పడమర వైపున్న హనియా ఊరి నుంచి దీవి మధ్యలో ఉన్న హెరాక్లియన్‌ ఊరికి 140 కిలోమీటర్లు రెండుంపావు గంటల్లో వెళ్లిపోవచ్చు. కానీ మీరు చూడాలనుకునేవి చాలావరకు దక్షిణాన, కొండలకి అవతల, లిబియా సముద్రం వైపు ఉంటాయి, ఆ దారులు మన శ్రీశైలం ఘాట్ లాంటివి, కిలోమీటర్లు లెక్కేసుకుంటే మోసపోతారు, గంటలు లెక్కేసుకోవాలి. అందుకే నా మాట ఏంటంటే ఆరు రోజులకి సగం దీవి చాలు, అదీ పడమటి సగం. తూర్పున వాయ్ అనే ఖర్జూర చెట్ల బీచ్ బావుంటుంది, స్పినాలోంగా అనే చిన్న కోట దీవి ఉంది, 1903 నుంచి 1957 దాకా కుష్టురోగుల్ని అక్కడ ఉంచేవాళ్లు, చూస్తే మనసు బరువెక్కుతుంది, అయినా ఈసారికి వాటిని వదిలెయ్యండి.

హెరాక్లియన్‌లో దిగి, హనియా నుంచి తిరుగు ఫ్లైట్ ఎక్కేలా బుక్ చేసుకోండి. కారు ఒక చోట తీసుకుని ఇంకో చోట ఇస్తే ఎక్స్‌ట్రా పడొచ్చు, ముందే అడగండి, పడినా వెనక్కి రావడం తప్పుతుంది కాబట్టి పెట్టొచ్చు. మొదటిరోజు క్నోసోస్, అంటే ప్రాచీన రాజభవనం శిథిలాలు. ఊరికి 5 కిలోమీటర్లే. ఆర్థర్ ఎవాన్స్ అనే ఇంగ్లీషు పురావస్తు శాస్త్రవేత్త 1900లో తవ్వకాలు మొదలుపెట్టాడు, అంతకుముందే 1878లో మినోస్ కలొకెరినోస్ అనే స్థానికుడు అక్కడ తవ్వి చూశాడు, ఆయన పేరు ఎవరూ పెద్దగా తలుచుకోరు, అది నాకు ఎప్పుడూ బాధే. అక్కడ కనిపించే ఎర్ర స్తంభాలు, గోడల మీద బొమ్మలు చాలావరకు ఎవాన్స్ కాంక్రీటుతో కట్టించినవి, కాపీలు, అసలు బొమ్మలు హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయి, కాబట్టి రెండూ ఒకే రోజు చూస్తేనే సంగతి అర్థమవుతుంది. ఎద్దు మీంచి పల్టీ కొడుతున్న కుర్రాడి బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. ఫెస్టోస్ అనే ఇంకో ప్రాచీన భవనంలో 1908లో దొరికిన మట్టి బిళ్ల కూడా అక్కడే ఉంది, దాని మీద అక్షరాల్ని ఇవాళ్టికీ ఎవరూ చదవలేకపోయారు.

తర్వాత పడమరకి కదలండి. దారిలో అర్కాదీ మఠం, 1866 నవంబర్‌లో ఒట్టోమన్ (టర్కీ) సైన్యం చుట్టుముడితే లోపల తలదాచుకున్న వందలమంది, ఆడవాళ్లు పిల్లలతో సహా, లొంగిపోకుండా మందుగుండు గది పేల్చేసుకున్నారు, పైకప్పు లేని ఆ గది అలాగే ఉంచారు. అక్కడి నుంచి రెతిమ్నో, పాత ఊళ్లో ఒక రాత్రి ఉంటే ప్రేవెలి బీచ్‌కి పొద్దున్నే బయల్దేరొచ్చు. ఆ దారి కుర్తలియోటికో అనే లోయలోంచి వెళ్తుంది, రెండువైపులా నిలువు గోడల్లాంటి రాళ్లు, డ్రైవింగ్ మీద దృష్టి పెట్టమని మీవారికి చెప్పి మీరు చూడండి! ప్రేవెలి దగ్గర కారు కొండమీదే ఆపి మెట్లు దిగాలి, ఒక ఏరు ఖర్జూర వనం మధ్యలోంచి వచ్చి సముద్రంలో కలుస్తుంది. 2010లో ఆ వనం తగలబడింది, మళ్లీ చిగురించింది. ఎండ ముదిరాక ఆ మెట్లు ఎక్కడం కష్టం, నీళ్లు తీసుకెళ్లండి.

మిగతా రోజులు హనియాలో మకాం. సాయంత్రాలు వెనీషియన్ల నాటి హార్బర్ చుట్టూ నడవడానికే ఉంచుకోండి. పగలు ఫలసర్నా వెళ్లండి, దారి తారురోడ్డే, బీచ్ విశాలంగా ఉంటుంది, సూర్యాస్తమయం సముద్రంలోకే. చాలామంది స్నానం చేసి వెళ్లిపోతారు, కొంచెం ఉత్తరంగా పోతే పాత ఫలసర్నా రేవు ఉంది, నౌకలు ఆగిన ఆ రేవు ఇప్పుడు ఎండిన నేల మీద ఉంటుంది. క్రీ.శ. 365లో వచ్చిన మహా భూకంపానికి దీవి పడమటి భాగం కొన్నిచోట్ల 9 మీటర్ల దాకా పైకి లేచిందంటారు శాస్త్రవేత్తలు. ఒడ్డున రాళ్ల మీద పాత నీటిమట్టం గీత ఇప్పటికీ కనిపిస్తుంది. నన్నడిగితే క్రీట్ మొత్తంలో ఇంత చెప్పే చోటు ఇంకోటి లేదు, ఇది వదలకండి.

ఇంకో మాట, సమరియా లోయ నడుద్దామనుకుంటే ఆ రోజు కారు తియ్యకండి. 16 కిలోమీటర్లు కిందికి నడిచి అయా రుమేలి అనే ఊరు చేరతారు, ఆ ఊరికి రోడ్డే లేదు, అక్కడి నుంచి పడవలోనే బయటపడాలి, మీ కారు మాత్రం కొండమీద ఉండిపోతుంది. హనియా నుంచి బస్సులో వెళ్లి, పడవ దిగాక బస్సులోనే రండి.

ప్రశ్న: అన్నా, మేం ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాం, పిల్లలకి నాలుగు, ఏడేళ్లు. క్రీట్‌లో బాలోస్, ఎలఫొనీసి బీచ్‌లు రెండూ ఫొటోల్లో అదిరిపోతున్నయ్, ఒకటే చూసే టైముంది. ఏది బెటర్?

జవాబు: చిన్నపిల్లలతో అయితే ఎలఫొనీసి, ఆలోచించకుండా. నీళ్లు మోకాళ్లలోతు కూడా ఉండవు చాలా దూరం దాకా, ఎదురుగా ఉన్న దీవికి నీళ్లలోనే నడిచిపోవచ్చు, ఇసక అక్కడక్కడా గులాబీ రంగులో ఉంటుంది, అది అరిగిన గవ్వల పొడి వల్ల. ఇసక మాత్రం తీసుకెళ్లనివ్వకండి పిల్లల్ని, అది రక్షిత ప్రాంతం. హనియా నుంచి 75 కిలోమీటర్లు, గంటన్నర, దారిలో తొపోలియా దగ్గర ఒక్క కారు పట్టే సొరంగం ఉంది, సిగ్నల్ పడేదాకా ఆగాలి. తొమ్మిదింటికల్లా అక్కడుండండి తమ్ముడూ, పదకొండు తర్వాత టూర్ బస్సులొచ్చి దిగితే గొడుగుకి చోటు దొరకదు. బాలోస్‌కి కారులో అయితే ఎనిమిది కిలోమీటర్ల దాకా మట్టిరోడ్డు, ఆ తర్వాత కొండ దిగి నడక, తిరిగొచ్చేటప్పుడు ఎక్కుడు. పైగా రెంటల్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి మట్టిరోడ్డు మీద టైర్లకి, కారు అడుగుభాగానికి కవర్ ఉండదు, సంతకం పెట్టేముందు ఆ లైను చదవండి. చూసి తీరాలంటే కిస్సమోస్ రేవు నుంచి పడవెక్కండి, పిల్లలకి అదే సరదా.

ప్రశ్న: మా అమ్మగారు గుడ్డు కూడా ముట్టరు. అక్కడ తిండి దొరుకుతుందా?
– గుంటూరు

జవాబు: బ్రహ్మాండంగా దొరుకుతుందండి. దాకోస్ అడగండి, గట్టి బార్లీ రొట్టె మీద టమాటా తురుము, తెల్ల చీజ్, ఆలివ్ నూనె. హోర్తా అంటే ఉడికించిన ఆకుకూరలు, నిమ్మకాయ పిండుకుని తింటారు. ఫావా అంటే మెత్తగా మెదిపిన పప్పు. గెమిస్తా అంటే టమాటా, క్యాప్సికంలో అన్నం కూరి వండింది, కొన్నిచోట్ల కీమా కలుపుతారు కాబట్టి అడిగి తెప్పించుకోండి. ఉపవాస వంటని నిస్తీసిమో అంటారు, అందులో మాంసం, పాలు, గుడ్డు ఉండవు, కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు, ఆ ఒక్కటి జాగ్రత్త. పచ్చడి సీసా ఎలాగూ తెచ్చుకుంటారు, మంచిదే.

ప్రశ్న: ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చా సార్? కుడివైపు డ్రైవింగ్ అంటే భయంగా ఉంది.
– నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, మన ఆర్టీఓ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది, బయల్దేరేముందే ఆ పని చూసుకోండి. అక్కడ ఎక్కువ కార్లు గేర్లవే, గేరు కుడిచేతికి వస్తుంది, అలవాటు లేకపోతే డబ్బు ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోండి, ముందుగా బుక్ చేస్తేనే దొరుకుతుంది. భయం మొదటి పూటే. అసలు పొరపాటు ఖాళీ రోడ్లో జరుగుతుంది, పెట్రోల్ బంక్ నుంచో బీచ్ పార్కింగ్ నుంచో బయటికి తిప్పేటప్పుడు చెయ్యి తెలీకుండానే ఎడమకి పోతుంది, పక్కసీట్లో వాళ్లని ప్రతి మలుపులో గట్టిగా "కుడి" అనమనండి. మెయిన్ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లేవాళ్లు అంచుకి జరిగి వెనకవాళ్లకి దారిస్తారు, అది అక్కడి అలవాటు, వెనక కారు మీదికొస్తుంటే కంగారుపడకుండా అంచు ఖాళీగా ఉన్నప్పుడు జరగండి, మలుపుల్లో వద్దు, అక్కడ ఆగిన బండి ఉండొచ్చు. కొండల్లో మేకలు రోడ్డు మధ్యలో పడుకుంటాయి, హారన్ కొట్టినా లేవవు, ఆగండి. భోజనం అయ్యాక హోటల్‌వాళ్లు ఉచితంగా రాకీ అనే ఘాటైన మద్యం గ్లాసులు తెచ్చి పెడతారు, ప్రేమతో ఇచ్చేదే, నడిపేవాళ్లు మాత్రం చెయ్యి గుండె మీద పెట్టుకుని వద్దనొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఏదైనా అయితే 112కి కొట్టండి.