చపాతీ మానేస్తే బాగైంది, డాక్టరేమో మళ్లీ తినమంటున్నాడు

ఈ నెల ఉత్తరాల్లో చాలావరకు గ్లూటెన్ మీదే ఉన్నాయి. జొన్నరొట్టె తిని పెరిగిన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఈ గోధుమ గొడవ ఏంటని మొదట నాకూ అనిపించింది. చదువుతుంటే సంగతి అర్థమైంది. ఇంట్లో ఒకరికి షుగర్ వస్తే రాత్రిపూట అందరి కంచాల్లోంచీ అన్నం పోయి చపాతీ వచ్చింది, పొద్దున చాయ్‌లోకి రస్కు వచ్చింది, పిల్లల డబ్బాలోకి నూడుల్స్ వచ్చాయి. నాలుగు ఉత్తరాలకు జవాబు రాస్తున్నా. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లే వేస్తున్నాం.

మేడమ్, నాకు 34 ఏళ్లు. మా ఆయనకు షుగర్ బయటపడ్డ దగ్గర్నుంచి, అంటే రెండేళ్లుగా, ఇంటిల్లిపాదీ రాత్రి చపాతీలే. ఏడాదిగా నాకు కడుపుబ్బరం, వారంలో రెండు మూడు రోజులు విరేచనాలు, ఒకటే నీరసం. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు మింగుతూనే ఉన్నా, హిమోగ్లోబిన్ 8 దాటడం లేదు. ఫోన్లో ఒక వీడియో చూసి మూడు వారాలుగా గోధుమ మానేశా, కడుపు తేలికపడింది. ఆ మాట డాక్టరుకు చెబితే సంతోషించలేదు సరికదా, పరీక్ష చేయాలి, మళ్లీ చపాతీ మొదలుపెట్టు అన్నాడు. బాగైనదాన్ని మళ్లీ చెడగొట్టుకోవడం ఎందుకు? — జడ్చర్ల

చెల్లీ, మీ డాక్టరు చెప్పింది కరెక్టే. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ ఈ ఒక్క జబ్బులో పరీక్ష అయ్యేదాకా తినాలి, ఆ తర్వాతే మానాలి.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ప్రొటీన్ ఈ గ్లూటెన్. (రై అంటే మన హైదరాబాదీలు రాయీ అని పిలిచే ఆవాలు కాదు, ఆవాలు నిక్షేపంగా తినొచ్చు.) చపాతీ పిండి సాగేది దీనివల్లే. జొన్నపిండికి ఆ సాగుడు లేదు కాబట్టే మసిలే నీళ్లు పోసి కలిపి చేత్తో తడతాం, చపాతీలా కర్రతో ఒత్తబోతే అంచులన్నీ పగుళ్లిస్తాయి. కొందరి ఒంట్లో ఈ గ్లూటెన్ పడగానే రోగనిరోధక శక్తి తిరగబడి సొంత చిన్నపేగునే దెబ్బతీస్తుంది, దాన్ని సీలియాక్ జబ్బు అంటారు. పేగు లోపల మఖ్మల్ గుడ్డ నూగులా ఉండే పొర అరిగి చదునైపోతుంది, ఇక ఐరన్ మాత్ర వేసినా అది రక్తంలోకి ఎక్కేదెలా? మీ డాక్టరు మీ కడుపుబ్బరం కంటే ఆ 8 అంకెను చూసే అనుమానపడి ఉంటాడు. మన దగ్గర ఈ జబ్బు తక్కువ. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఉత్తరాదిలో నూటికి ఒకరికి పైగా ఉంటే దక్షిణాదిలో వెయ్యికి ఒకరికి ఉంది. అందుకని ఇక్కడ చాలామంది డాక్టర్లకు ఆ ఆలోచనే రాదు, ఆ ఆలోచన వచ్చిన డాక్టరు మీకు దొరికాడు.

పరీక్ష కష్టమేం కాదు. టీటీజీ-ఐజీఏ అని, ఈ జబ్బులో రక్తంలో తయారయ్యే యాంటీబాడీలను చూసే ఒక రక్తపరీక్ష, దాంతోపాటే మొత్తం ఐజీఏ (ఆ యాంటీబాడీల రకం పేరు) ఎంతుందో చూడాలి, ఎందుకంటే కొందరిలో పుట్టుకతోనే ఐజీఏ తక్కువ, అలాంటివాళ్లకు జబ్బున్నా లేనట్టే రిపోర్టు వస్తుంది. అందులో తేడా కనిపిస్తే నోట్లోంచి గొట్టం పంపి పేగు ముక్క తీసి చూస్తారు. గోధుమ మానేసి కూర్చుంటే రక్తంలో ఆ యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగూ మానడం మొదలవుతుంది, రిపోర్టు నార్మల్ అని వస్తుంది, మీరేమో జీవితాంతం ఉందో లేదో తెలియని టెన్షన్‌లో ఉంటారు. మామూలుగా కనీసం ఆరు వారాలు, రోజూ ఒక పూటకు మించి గోధుమ తిన్నాక పరీక్ష చేస్తారు. మీరు మానేసి మూడు వారాలే కాబట్టి మీకు ఎన్నాళ్లు అవసరమో ఆయన్నే అడగండి. తింటే మరీ తట్టుకోలేకపోతే ఆ మాటా చెప్పండి, హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు పరీక్ష ఒకటుంది, దానికి గోధుమ తినక్కర్లేదు. అందులో రెండూ లేవని వస్తే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నాయని వస్తే మాత్రం జబ్బున్నట్టు కాదు, ఏ జబ్బూ లేని బోలెడుమందిలో అవి ఉంటాయి.

సీలియాక్ కాదు, గోధుమ ఎలర్జీ కూడా కాదని తేలి, అయినా తింటే ఇబ్బందే అయితే అప్పుడు దాన్ని గ్లూటెన్ సెన్సిటివిటీ అంటారు. దీనికంటూ విడిగా పరీక్ష లేదు. కొన్ని వారాలు మానేసి, తర్వాత మళ్లీ కొంచెం కొంచెంగా తిని చూసుకోవడమే. ఇక్కడ ఒక తిరకాసుంది. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం కూడా ఉంటుంది, చాలామందికి కడుపు ఉబ్బేది గ్లూటెన్ వల్ల కాదు, వాటివల్ల. అవే ఉల్లిగడ్డలో, ఎల్లిగడ్డలో కూడా ఉంటాయి. ఉల్లిగడ్డ బాగా వేసిన కూర తిన్నప్పుడు కూడా మీ కడుపు ఇలాగే చేస్తుందా, వారం పాటు ఒక కాగితం మీద రాసుకోండి, ఆ కాగితం తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. సెన్సిటివిటీ అయితే మరీ నిష్ఠగా ఉండనక్కర్లేదు, ఒక చపాతీకి ఏమీ కాదు, మూడు తింటే పడదు అనేవాళ్లు చాలామందే ఉంటారు.

ఇక మీవారి చపాతీ సంగతి. షుగర్‌కు చపాతీయే మందన్నట్టు ఎవరు చెప్పారో గానీ, నాలుగు చపాతీలు తిని అన్నం మానేశామనుకునే ఇళ్లు నాకు చాలా తెలుసు. జొన్నరొట్టె అయినా లెక్క లెక్కే, కాకపోతే ఒకటిన్నర రొట్టెకే కడుపు నిండుతుంది. పరీక్ష అయ్యాక ఇంటిల్లిపాదీ దానికి మారండి, పప్పు, ఆకుకూర పక్కన పెట్టుకోండి.

మా బాబుకు 8 ఏళ్లు. ఎదగడం లేదని చూపిస్తే సీలియాక్ అని తేల్చారు. గోధుమ పూర్తిగా మాన్పించాం, ఆరు నెలలైనా రక్తపరీక్షలో యాంటీబాడీల అంకె తగ్గాల్సినంత తగ్గలేదంటున్నారు. ఇంట్లో జొన్న, బియ్యప్పిండి, రాగులే వాడుతున్నా. మా అత్తమ్మ 'ఇంత ముక్క పెడితే ఏమైతది' అంటారు. తప్పెక్కడ జరుగుతోంది? — మిర్యాలగూడ

అంకె పూర్తిగా దిగడానికి ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది, అది మొదట గుర్తుపెట్టుకోండి. కానీ మీ ఉత్తరంలో ఒక మాట రాయలేదు, ఆ జొన్నలు ఎక్కడ పట్టిస్తున్నారు? గిర్నీలోనే అయితే నా అనుమానం దానిమీదే. మీ డబ్బాకు ముందు ఎవరిదో ఐదు కిలోల గోధుమ పడి ఉంటుంది, రాళ్ల మధ్య, ఆ గుడ్డ సంచీ మూతి దగ్గర మిగిలిన పిండి మీ జొన్నపిండిలో కలిసిపోతుంది. నేనొకసారి నిలబడి చూశా, గోధుమ అయిపోయి జొన్న పోసిన తర్వాత మొదటి రెండు దోసిళ్ల పిండి తెల్లగా, మెత్తగా వచ్చింది, ఆ తర్వాతే జొన్న రంగు కనిపించింది. ముందు కిలో బియ్యం వేసి కడిగినట్టు పట్టిస్తారు కొందరు, నయమే గానీ సీలియాక్ పిల్లాడికి ఆ భరోసా చాలదు. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, ఎంత తక్కువో ఊహించుకోండి. గింజలు కొని, ఏరి, కడిగి ఆరబెట్టి, ఇంట్లో మిక్సీలోనో, చిన్న ఇంటి గిర్నీలోనో పట్టుకోవడమే మేలు. మీ ఊరు రైస్ మిల్లుల ఊరు, బియ్యానికి కొరతేముంది.

రెండో అనుమానం ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువ చాలావరకు మైదా కలిపి చేసిందే, వెనకాల పదార్థాల పేర్లు చదివితే కనిపిస్తుంది. బతుకమ్మకు చేసే సద్దుల్లో పెరుగన్నం, నువ్వుల సద్ది అన్నీ బియ్యమే కదా అనుకుంటాం, పులిహోర పోపులో చిటికెడు ఇంగువ పడితే అంతే. మలీద ఏ రొట్టెతో చేశారో అడగండి, సజ్జరొట్టెదైతే పర్లేదు, గోధుమదైతే వద్దు. మాల్ట్ పొడి కలిపిన పాలు, సోయా సాస్ పడ్డ ఫ్రైడ్ రైస్, ఉప్మా రవ్వ, సేమియా, రంజాన్ నెలలో హలీం, ఇవన్నీ గోధుమో బార్లీయో. రాగి బిస్కెట్లు అని పెద్దక్షరాలు ఉంటాయి, కింద సన్నటి అక్షరాల్లో మైదా ఉంటుంది. ఓట్స్‌లో మామూలుగా గోధుమ కలిసే ఉంటుంది, ప్రస్తుతానికి జోలికి పోవద్దు. ఇడ్లీ రవ్వ బియ్యం రవ్వే, అది పెట్టొచ్చు. జల్లెడ, పిండి పళ్లెం, పెంక బాబుకు వేరే పెట్టండి.

అత్తమ్మకు ఎలా చెప్పాలంటారా. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో హాలండ్‌లో తిండి కరువొచ్చి గోధుమ రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో మాడుతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు, రొట్టె మళ్లీ రాగానే మళ్లీ పడిపోయారు. గోధుమ మీద అంతకుముందే అనుమానమున్న విల్లెమ్ డికె అనే పిల్లల డాక్టరు ఇది గమనించి 1950లో తన థీసిస్‌లో రాశాడు. ఈ కథ చెప్పండి. దాంతోనూ కాకపోతే తర్వాతిసారి చూపించడానికి వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకెళ్లండి, కోడలు చెబితే చాదస్తం, డాక్టరు చెబితే మాట. బాబు ఎదుగుదల మళ్లీ అందుకుంటుంది, సకినాలు, సర్వపిండి, పల్లిపట్టీ, నువ్వులుండలు అన్నీ తినే పిల్లాడే కదా. అవి మీ ఇంటి పిండితో, మీ చేత్తో చేసినవై ఉండాలి, అంతే.

డిగ్రీ చదువుతున్నా. బరువు తగ్గడానికి గ్లూటెన్ ఫ్రీ పాకెట్లు కొనొచ్చా? — దేవరకొండ

వద్దు. నీకు గ్లూటెన్ పడకపోవడం అనే సమస్యే లేదు. ఆ పాకెట్లలో పిండిపదార్థం, చక్కెర ఎక్కువ ఉండేవే చాలా, పీచు తక్కువ, ధర రెండు మూడింతలు. ఆ డబ్బుతో గుడ్లు, పెసర్లు కొనుక్కో.

నాకు గ్లూటెన్ పడదని తేలింది. బీరు బంద్ అన్నారు. కల్లు తాగొచ్చా మేడమ్, సిగ్గు విడిచి అడుగుతున్నా. — నాగర్‌కర్నూల్

సిగ్గెందుకు, అడగాల్సిన ప్రశ్నే. బీరు బార్లీతో చేస్తారు, అందుకే వద్దన్నారు. కల్లు తాటిదైనా ఈతదైనా చెట్టు నుంచి దిగిందే, అందులో గ్లూటెన్ ఉండదు. కానీ మన జిల్లాల్లో దుకాణాల్లో పోసేదంతా చెట్టు కల్లు కాదని మీకు నాకంటే బాగా తెలుసు, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మినవాళ్లు పట్టుబడుతూనే ఉన్నారు. వాటికి అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వస్తాయి, పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తారు. మీ కళ్లముందు చెట్టెక్కి దింపిన గీత కార్మికుడి లొట్టి అయితే గ్లూటెన్ సంగతి వరకు భయం లేదు, సీసాల్లో వచ్చేదైతే వద్దు. నంజుకోవడానికి ఏం పెడుతున్నారో కూడా చూసుకోండి. పల్లీలు, శనగలు, చేప ముక్క పర్లేదు. మిర్చి బజ్జీ పిండిలో మైదా కలిపారేమో అడగండి, అది శనగపిండే అయినా పొద్దుట్నుంచీ పూరీలు వేగిన అదే మూకుడు నూనెలో వేస్తున్నారేమో చూడండి.